వకుళ మోసిన నేరము

హేమంతప్రభాతమున మంచుతెరలను మెల్లమెల్లఁగాఁ దొలఁగించుకొని వచ్చిన లేఁతయెండ సముద్రతీరనగరమందలి యాసుపత్రి వసారాలోఁ జెక్కబల్లపైఁ గూర్చున్న వకుళ పాదములను స్పృశించుచుండెను. ఆమె చూపు మేనత్తయు నత్తగారునైన తాయారమ్మ యొడిలో సన్నగా నేడ్చుచున్న తన యైదుమాసముల కూఁతురు మృణాళినిపై నిలిచియున్నను చేతులు చాఁచుటకు మనసొప్పకుండెను.

శిశువు హృదయదౌర్బల్యమునకు మైటోకాండ్రియా లోపము కారణమని వైద్యులు చెప్పి యాఱుదినము లాయెను. కణములకు శక్తి నొసఁగు నా సూక్ష్మాంశములు తల్లినుండియే బిడ్డకు సంక్రమించునని పదేండ్లుగాఁ గళాశాలలో బోధించుచున్న వకుళ, తన పాఠమే తనపైఁ దీర్పుగా వచ్చినదని తలఁచి నాఁటినుండి చన్నిచ్చుట మాని పాలను పిండి పాఱఁబోయుచుండెను. లోపము పాలవెంట రాదని యామె చదు వెఱుఁగును, మనస్సెఱుఁగదు.

“సీసా నోట పెడితే ఉమ్మేస్తంది. అలా సూస్తా కూకుంటావేటే?” అని తాయారమ్మ గద్దించెను.

“నా వల్లే వచ్చింది అత్తా. ఇంకా నా పాలేం పెట్టమంటావు?”

అంతలో జన్యుపరీక్షాఫలితమును చేతఁబూని వచ్చిన వైద్యురా లా మాట విని వారి చెంతఁ గూర్చుండెను.

“మీరు చెప్పే పాఠం తప్పు కాదమ్మా, సగమే. మైటోకాండ్రియాకి సొంత జన్యువులు కొన్నే. అవి తల్లివే. కానీ పాపకి చెడింది దాని రైబోసోమ్‌లో, అంటే ప్రోటీన్లు తయారయ్యే చోట, ఉండే ఒక ప్రోటీను. దాన్ని చేయించే జన్యువు కణం కేంద్రకంలో ఉంటుంది. మీనుంచొకటి, మీ ఆయననుంచొకటి, రెండు ప్రతులూ చెడినవే వచ్చాయి. మీది మేనరికం కదా, తాతగారి వైపునుంచే ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. గుండెకి మందులిస్తాం. మాటివ్వలేను. పాలు మాత్రం మానకండి.”

తాయారమ్మ యొడిలోని పిల్లను భుజముపై కెత్తుకొని వకుళవైపునకుఁ దిరిగెను.

“అయితే మా అయ్యనుంచి నా కొడుక్కీ, మా తమ్ముడి కూతురికీనా. ఆయనకేటి తెలుసని తిడతాం? మరి నువ్వు తెలిసి సేసేవేటే? ఈ పెళ్ళికి మంకుపట్టు పట్టింది నేను. తిట్టాలుంటే నన్ను తిట్టు, పడతాను. ముందు పిల్లనందుకో.”

ఒంటరిగా మోసిన నేరము చేజాఱఁగానే వకుళకు ముందు కలిగినది యూఱట గాదు, భయము; తన్నుఁ దాను శిక్షించుకొన్నంతకాలము బిడ్డ బ్రతుకునని యామె మదిలో నేదో మూల నమ్మియుండెను. ఇప్పు డా యాధారమును బోయెను. మిగిలినది బిడ్డయే.

ఆమె చేతులు చాఁచెను. శిశువు తొలుత మొగము త్రిప్పుకొని, పిదప నాఁకలి ప్రేరేపింపఁ జన్ను నోటఁబట్టి నాలుగు గ్రుక్కలు త్రాగి యలసి యాఁగెను. వకుళ వేచియుండెను. ఆ చిన్న పెదవులు మరలఁ గదలెను.