జిగురు విడని పుస్తకాలు

అట్టలక్కకి అక్షరమ్ముక్క రాదు. కానీ ఒక పుస్తకం చేతికిస్తే అది ఎన్ని చేతులు మారిందో, ఏ పేజీ దగ్గర పిల్ల నిద్రలో జోగిందో ఇట్టే చెప్పేస్తుంది. ఇరవై ఏళ్లుగా ప్రెస్సు వెనక గదిలో పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తున్న మనిషి మరి! అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. తల్లి పోయిన నాటి నుంచి ఒళ్లో పెట్టుకుని పెంచింది. తను బడి మొహం చూడకపోయినా దాన్ని మాత్రం పెద్ద చదువు చదివించింది. ఆ చెల్లెలే ఇప్పుడు క్వారీ పక్కన రేకుల సందులో పిల్లల చదువుల గదికి బాధ్యురాలు. గదైతే వచ్చింది, పుస్తకాలేవీ? ప్రెస్సులో మిగిలిపోయిన బొమ్మల కథల కాగితాలు అడిగి తెచ్చుకుని, ఏడాది పాటు సెలవన్నది ఎరగకుండా కుట్టి, ఎనభై పుస్తకాలు చేసి ఇచ్చింది అట్టలక్క.

"చిరిగేదాకా చదివించవే. చిరిగితే నేనున్నాను కుట్టడానికి" అంది.

"నాకు చెప్పాలా అక్కా!" అంది చెల్లెలు.

అది మొదలు ఏడాదంతా కబుర్లే కబుర్లు. "పిల్లలు ఎగబడి చదువుతున్నారక్కా" అని చెల్లెలు అంటుంటే, పొద్దుపోయాక గాని ప్రెస్సు నుంచి ఇల్లు చేరని అట్టలక్క పొంగిపోయేది. ఎదురింటి ఇస్త్రీ ఆమె కూతురొకతి ఉంది, తొమ్మిదేళ్లది. కాలు ఒకచోట నిలవదని అందరూ బొంగరం అంటారు. అది మాత్రం "గదికి ఎప్పుడూ తాళమే అత్తా" అనేది.

"చదవడానికి ఒళ్లు వంగక తాళం మీదికి నెడుతున్నావా, అబద్ధాలకోరు!" అని అట్టలక్క రెండుసార్లు దాన్ని కసిరింది.

ఏడాది తిరిగింది. వదులైన పుస్తకాలు తెచ్చిపెట్టు, మళ్లీ కుడతానని అక్క పోరు పెట్టగా పెట్టగా, చెల్లెలు ఓ ఆదివారం పొద్దున మూట మోసుకొచ్చింది.

"చూడు, ఎలా నలిపేశారో మీ సందు రాక్షసులు!" అని నవ్వింది.

అట్టలక్క మొదటి పుస్తకం తీసింది. పేజీల చివర బొటనవేలి మరకలు. చిన్న చేతుల ముద్రలే అనుకుని ముచ్చటపడి, మధ్యకి తెరిచింది. కాగితాలు విడిపడలేదు. వెన్ను మీద రాసే మైదా జిగురు లోపలికి కాస్త దిగి రెండేసి కాగితాలను వెంట్రుకవాసి పట్టుకుంటుంది. మొదట చదివినవాళ్ల చేతిలోనే అవి విడిపోతాయి. ఏడాదైనా ఇవి విడిపోలేదు. రెండో పుస్తకం తీసింది. మూడోది తీసింది. అన్నీ అంతే. మరక మీద వేలితో రుద్దితే బూడిదరంగు మెరుపు అంటింది. పెన్సిలు ములుకు అరగదీసిన పొడి! ముద్రలన్నీ ఒకే బొటనవేలివి, పెద్దవాళ్ల వేలివి.

పుస్తకం మూసి చెల్లెలి వైపు తిరిగింది.

"తెరిచావటే గది, ఒక్కరోజైనా?"

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. కాసేపు నసిగి, చివరికి కోపం తెచ్చుకుంది.

"ఏం చెయ్యమంటావు? ఒక్క పుస్తకం చిరిగితే తనిఖీకి వచ్చినాయన నన్ను నిలబెట్టి కడిగేస్తాడు. చదవకపోతే ఎవడూ అడగడు! వరసగా సర్దిపెట్టానని మెచ్చుకున్నాడు కూడా."

"మరి ఈ మరకలు?"

"నీకోసమే. చూస్తే సంతోషపడతావని." నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగింది. "అయినా నీకెలా తెలిసిందక్కా? నీకు చదవడం రాదుగా!"

కంచే చేను మేసిందంటే ఇదే. తాళం వేసినందుకు కాదు అట్టలక్క గుండె మండింది. తన కష్టంతో చదువుకున్న పిల్ల, చదువురాని అక్కని మోసం చెయ్యడం తేలికని లెక్క వేసుకుంది. తడిగుడ్డతో గొంతు కోసింది. ఛీ, ఏం బతుకు!

అట్టలక్క లేచి వీధి తలుపు బార్లా తీసింది. "బొంగరం! ఇలా రా. మిగతావాళ్లనీ కేకెయ్యి."

"అక్కా, నీకు పిచ్చా? చిరిగితే సంజాయిషీ నేను రాసుకోవాలి!"

"రాసుకో. రాయడం నేర్పించానుగా."

చెల్లెలు చెప్పులేసుకుని విసవిసా వెళ్లిపోయింది. అట్టలక్క వెనక్కి పిలవలేదు.

బొంగరం గుమ్మంలో నిలబడి పుస్తకాల వంక నోరు తెరుచుకుని చూసింది. అట్టలక్క దాన్ని దగ్గరికి లాక్కుంది. "నీ మాట నమ్మలేదే తల్లీ. తప్పు నాదే" అంది. ఒక పుస్తకం తీసి, అంటుకున్న కాగితాలు గోటితో మెల్లగా విడదీసి చేతిలో పెట్టింది.

పిల్ల ఒళ్లో పెట్టుకుని వేలితో వెతికింది. రెండక్షరాలు కూడబలుక్కుంది, మూడోదాని దగ్గర ఆగిపోయింది. పుస్తకాన్ని అట్టలక్క వైపు తిప్పింది.

"ఇక్కడ ఏం రాసుంది అత్తా?"

అట్టలక్క ఆ పేజీ వంక చూసింది. తనే కుట్టిన పేజీ. ఏం రాసుందో చెప్పగలిగిన మనిషి అప్పటికే సందు దాటిపోయింది.