తడిపిన గోనెపట్టా

నాగుల్‌మీరా సీపీయూ పక్క రేకు విప్పి సైకిల్ పంపుతో గాలి కొడుతున్నాడు. మిరపదుమ్ము ఎర్రగా పైకి లేచింది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా రెండు తుమ్ములు తుమ్మి, రేకు బిగించి, మీట నొక్కాడు. ఆ కంప్యూటర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. అయినా వినుకొండ దగ్గరి ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీలో పద్నాలుగేళ్లుగా అతనూ అదీ నాగా పెట్టింది లేదు. యాభై నాలుగేళ్లకే అతని మెడ ఆ తెర వైపు వంగిపోయింది.

పదింటికి ఓనరు భరత్ కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి చేతిలో పెట్టాడు. పలకంత బరువు. నొక్కీ నొక్కకముందే వెలిగింది.

"బాబాయ్, ఇయ్యాల్టి నుంచి కల్లాల కాడికే పోయి బస్తాల లెక్క దీంట్లో ఎక్కియ్యాల. ఆ బండని మోసకపోలేం గదా."

"లోపలికి దుమ్ము పోతే దీని మూత ఎట్టా విప్పాల బాబూ?"

"విప్పేదేం లేదు. నీకు కుదరదంటే చెప్పు, దీపిక చేసిద్ది."

దీపిక కొత్తగా చేరిన డిగ్రీ పిల్ల, పదివేళ్లతో టైపు చేస్తుంది. నాగుల్‌మీరావి రెండే వేళ్లు. కుదురుతుందనే అన్నాడు. ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారని భయం పట్టుకుంది.

బొల్లాపల్లి కల్లంలో మిట్టమధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ తొడ కాల్చేసింది. లోపల ఫ్యాను రొప్పుతోంది. నలభై బస్తాల లెక్క ఎక్కేసరికి నత్తనడక పట్టింది. పాతదైతే ఈపాటికి రేకు విప్పేవాడే. దీనికి అన్నీ మూసేసి ఉన్నాయి. పక్కన కూలీలు, బస్తాల్లోకి తొక్కేటప్పుడు కాయ పొడి కాకుండా మిర్చి మీద నీళ్లు చిలకరిస్తున్నారు. వాళ్ల మంచినీళ్ల కుండకు తడి గోనెపట్టా చుట్టి ఉంది. అతనూ ఒక పట్టా తడిపి, పిండి, మడతపెట్టి ల్యాప్‌టాప్ కింద పరిచాడు.

"ఏంది బాబాయ్, దానికి గూడానా?" అంది కాయలు తొక్కే సుకన్య.

"అది మాత్రం ఎండకి తాళొద్దా అమ్మా."

పాతదానికి గాలి పక్కనుంచి పోయేది. దీనికి కిందనుంచని అతనికెవరూ చెప్పలేదు. తడి లోపలికి పోయింది. తెర ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా ఉలకలేదు, పలకలేదు.

సాయంత్రం భరత్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పోనీలే బాబాయ్. ఇంటికాడ ఉండు. పనుంటే కబురు చేస్తాం."

"పాతదాని మీదే చేసుకుంటా బాబూ."

"దాన్నీ రేపు తీసేస్తన్నాం."

దీపిక లేచి నిలబడితే, కూర్చోమ్మా అన్నట్టు చెయ్యి ఊపి, అతను గేటు దాటి బస్సు వైపు నడిచాడు.

మర్నాడు పాత కంప్యూటర్ బల్లతో సహా బయటికి పోయింది. వెనక గోడకున్న మేకుకు, పద్నాలుగేళ్లుగా అతను ముక్కుకు కట్టుకున్న తెల్లగుడ్డ, ఊపిరి పీల్చినంత మేరా ఎర్రబారి వేలాడుతోంది.