తలసరి పొగ

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పర్యావరణం పాఠం చెప్పే సాంబమూర్తికి బోర్డు మీద తప్పు లెక్క కనబడితే అన్నం సయించదు. అలాంటి మనిషి ఆ సోమవారం తానే ఒక తప్పు లెక్క వేశాడు, అదీ తెలిసి తెలిసి.

ఆ రోజు పాఠం, ప్రపంచం వదిలే కార్బన్‌లో ఎవరి వాటా ఎంత అన్నది. పైనున్న పదిశాతం మంది దాదాపు సగం పొగ వదులుతుంటే, కిందనున్న సగం జనమంతా కలిసినా ఎనిమిదో వంతుకు చేరరు. "1990లోనూ ఇంచుమించు ఇంతే. ముప్పై ఏళ్లలో ఫోన్లు మారాయి గానీ వాటాలు పెద్దగా మారలేదర్రా" అని, ఎవరింటి లెక్క వాళ్లను వేయమన్నాడు. కరెంటు, గ్యాస్, పెట్రోలు కలిపి ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందితో భాగించడమే. ముందు బెంచీ మౌనికకు తలకు అర టన్ను తేలింది. రెండు గదుల్లో ఆరుగురు మరి.

"మీది ఎంతొచ్చింది సార్?" అని పిల్లలు పట్టుబట్టారు. మూడు గదుల ఇల్లు, రెండు ఏసీలు, కారు అన్నీ బోర్డు మీద రాసి కూడితే ఏడాదికి నాలుగు టన్నులు. సాంబమూర్తి రెండుతో భాగించి, "తలకు రెండు. నేనూ కింది సగంలోనే" అని నవ్వాడు.

భార్య ఇందిరాదేవి పోయి పది నెలలు. ఊళ్లో పనుందని సెలవు పెట్టాడే తప్ప సెంటర్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నలుగురూ వచ్చి ఓదార్చి వెళతారు, దాంతో ఆవిడ ఇక్కడా లేకుండా పోతుంది. 'మా ఆవిడ ఊరుకోదయ్యా' అని ఇంకా అనగలిగిన చోటు ఇదొక్కటే మిగిలింది. దాన్ని వదులుకోవడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

క్లాసయ్యాక మౌనిక ఆగింది. "సార్, జర ఏమనుకోకుండ్రి. ఎల్బీనగర్ల మా అమ్మ కర్రీ పాయింట్ కాడ మీరు రోజు చిన్న ప్యాకెట్ ఒక్కటే తీస్కపోతరు. గది ఒక్కరికే సరిపోతది. మరి రెండుతోని ఎట్ల భాగించిండ్రు?"

"మా ఆవిడకి బయటి కూరలు పడవు. నీకెందుకమ్మా ఇవన్నీ?" అని కసిరాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. పిల్ల బిక్కమొహం వేసి, "తప్పయింది సార్" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కర్రీ పాయింట్‌కు వెళ్లడానికి మొహం చెల్లలేదు. వనస్థలిపురంలోని ఇంట్లో ఆవకాయ, మజ్జిగతో కానిచ్చాడు. తిన్నంతసేపూ ఒకటే గుబులు. అరవై మంది ఆ లెక్కను నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. నిజం చెప్పిన పిల్ల చేత తప్పయిందని అనిపించాడు. ఇందిర ఉంటే ఈపాటికి నాలుగు చీవాట్లు పెట్టి ఉండేది.

మర్నాడు క్లాసులోకి వస్తూనే బోర్డు మీద ఆ లెక్కే మళ్లీ రాసి, రెండు కొట్టేసి ఒకటి వేశాడు. "నిన్న నేను వేసింది తప్పు. మౌనిక చెప్పిందే సరి. తలకు నాలుగు టన్నులు."

"సార్ మమ్మల్ని ఇడిసి పై సగంల కలిసిండు!" అని క్లాసంతా గొల్లుమంది. మౌనిక మాత్రం తలెత్తలేదు. వెనక బెంచీ అభిలాష్ మరీ హుషారుగా, "ఒక్కరికే గన్ని రూములు, ఏసీలు, కారు ఎందుకు సార్?" అన్నాడు.

సాంబమూర్తి చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టాడు.

"ఇద్దరికని కొన్నాం నాయనా."