శాంతయ్య తాగిన నీళ్లు

రెండో చెంబు కూడా తాగితేనే కదలనిస్తానని కరుణమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. శాంతయ్య కడుపు మీద చెయ్యి వేసుకుని చాలన్నట్టు చూశాడు గాని ఆమె వినిపించుకోలేదు. మొగుడు రాజీ మాటకు బయల్దేరిన ప్రతి పొద్దూ ఆమె పని ఇదే. గడప దాటాక అతను మళ్లీ ఎప్పుడు గొంతు తడుపుకుంటాడో ఆమెకు తెలియదు.

చేవెళ్ల, మొయినాబాదు చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ ఈ సంగతి తెలుసు. చేవెళ్ల పెద్దమనిషి మల్లప్ప పటేల్ తరఫున వచ్చిన శాంతయ్య, మాట కుదిరేదాకా ఎదుటివాళ్ల ఇంట్లో మంచినీళ్లు ముట్టడు. ముట్టాడంటే రాజీ అయిపోయినట్టే. ఇక కాగితమూ అక్కర్లేదు, సాక్షులూ అక్కర్లేదు. గట్టు తగాదాలూ, అన్నదమ్ముల పంపకాలూ, అలిగి పుట్టింట్లో కూర్చున్న కోడళ్ల పంచాయితీలూ ఎన్ని అలా తేలిపోయాయో.

ఈ నియమం పుట్టుక అంత గొప్పదేమీ కాదు. అతను కొత్తగా ఈ పనికి దిగిన రోజుల్లో, చర్చి వాడ మనిషికి పెద్దిళ్లలో గ్లాసు ఇచ్చేవాళ్లు కారు. వాకిట్లో నిలబెట్టి దోసిట్లో పైనుంచి పోసేవాళ్లు. అలా వంగడం ప్రాణానికి కష్టమై, వచ్చిన పని కానిదే తాగనని ఒకసారి సాకు చెప్పాడు. ఆ సాకును జనం పట్టుకుని నియమం చేశారు. పోనుపోను గ్లాసులోనే ఇవ్వసాగారు. ఇదంతా శాంతయ్య మరిచిపోయాడు. కరుణమ్మ మరిచిపోలేదు.

చూడ్డానికి అతనిలో ఏమీ లేదు. పొట్టి మనిషి, ఎముకల గూడు. ఒక భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. మీసం తెల్లబడింది గాని కనుబొమలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఎవరైనా మాట్లాడుతుంటే తల పక్కకు వాల్చి, కళ్లు నేలకు దించి వింటాడు. విన్నది విన్నట్టు అక్కడికక్కడే ఒకసారి తిరిగి చెప్తాడు. తనవైపు నుంచి ఒక్క మాట కలపడు, ఒక్కటి తీయడు. పటేల్ అతన్ని నమ్మింది అందుకే.

అది అరవై తొమ్మిది ఎండాకాలం. ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ అట్టుడికిపోతోంది. బళ్లు మూశారు, బస్సులు ఆపారు. పట్నంలో కాల్పులు జరిగి పిల్లలు చచ్చిపోయారన్న వార్త పల్లెలకు చేరింది. కనకమామిడి ఊరి హన్మంతు కాలేజీ వదిలేసి వచ్చి, తోటివాళ్లతో మొయినాబాదు రోడ్డుకు బండలు అడ్డం పెట్టించాడు. పోలీసులు వెతుకుతుంటే తోటల్లో తలదాచుకుంటున్నాడు. మొదట్లో ఈ పిల్లలతో గొంతు కలిపి ఉపన్యాసాలిచ్చిన మల్లప్ప పటేల్‌కు ఇప్పుడు సర్కారుతో సర్దుకోవాలని ఉంది. అందుకు రోడ్డు తెరిపించాలి.

"హన్మంతును నా ఇంటికి రమ్మను. కూసొని మాట్లాడుకుందం. కేసు లేకుంట చేస్త. పోలీసు చెయ్యి వాని మీద పడదు."

శాంతయ్య తల వాల్చి విని, నాలుగు మాటలనూ అలాగే అప్పజెప్పి బయల్దేరాడు.

బస్సుల్లేవు గనక నడకే. ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. అతనికి మాత్రం హుషారుగానే ఉంది. పిల్లలు పిట్టల్లా రాలిపోతున్న రోజుల్లో ఒక్క పిల్లవాణ్నయినా తన మాటతో ఇంటికి చేర్చగలిగితే, ఇన్నేళ్లు తిరిగిన తిరుగుడంతా ఫలించినట్టే అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి అలవాటు లేదు. ముసలితనం వచ్చిందని నవ్వుకున్నాడు.

హన్మంతు తల్లి నిర్మలమ్మకు మొగుడు లేడు, వేరే సంతానం లేదు. కొడుకు ఎక్కడున్నాడో ఆమెకు తెలుసు. ఆమె పిలిస్తే వస్తాడనీ శాంతయ్యకు తెలుసు. అతను చెప్పిందంతా వింటూ ఆమె చాటలో బియ్యం ఏరడం ఆపలేదు. పటేల్ ఇప్పుడు ఎవరి మనిషో తనకు అర్థం కావడం లేదంది. పోలీసులు పట్టుకుపోయిన పక్క ఊరి పిల్లవాడు ఎలా తిరిగొచ్చాడో చెప్పింది. చివరికి లేచి లోపలికి పోయి, కంచు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"పటేల్ మాట నాకొద్దు శాంతయ్యా. నువ్వు తాగుతె పంపిస్త."

శాంతయ్యకు గొంతు ఎండి నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంది. కానీ దాహానికి తాగలేదు. పటేల్ ముఖం గుర్తు తెచ్చుకున్నాడు, పటేల్ చెప్పిన నాలుగు మాటలూ గుర్తు తెచ్చుకున్నాడు. ఇన్నేళ్లలో పటేల్ మాట ఒక్కసారి కూడా తప్పలేదు. గ్లాసు రెండు చేతులా ఎత్తి, ఆమె చూస్తుండగా చుక్క మిగల్చకుండా తాగాడు. నిర్మలమ్మ పైట చెంగుతో కళ్లు తుడుచుకుని తోటవైపు నడిచింది.

హన్మంతు మాసిన చొక్కాతో, మాసిన గడ్డంతో వచ్చాడు. తల్లి పెట్టిన రెండు ముద్దలు తిని శాంతయ్య వెంట నడిచాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. రాష్ట్రం వస్తే మన కొలువులు మనకే వస్తాయన్నాడు. వర్షాలు పడేలోగా ఇంటి పైకప్పు సరిచేయాలన్నాడు. శాంతయ్య ఊఁ కొడుతూ నడిచాడు.

పటేల్ ఇంటి గేటు దగ్గర శాంతయ్య ఎప్పటిలాగే చెప్పులు విడిచాడు. లోపల కుర్చీలు వేసి ఉన్నాయి. హన్మంతు కూర్చోబోతుండగా వెనక పశువుల కొట్టం వైపు నుంచి పోలీసులు వచ్చారు. పెనుగులాట ఏమీ జరగలేదు. ఒకడు మెడ మీద కొట్టాడు, ఇద్దరు చేతులు విరిచి పట్టుకున్నారు. జీపెక్కించేటప్పుడు హన్మంతు వెనక్కి తిరిగాడు.

"మా అమ్మకు నువ్వే చెప్పు," అన్నాడు.

అందులో కోపం లేదు. కోపం ఉన్నా శాంతయ్య తట్టుకునేవాడు.

జీపు పోయాక పటేల్ అతని ముఖం చూడకుండా, పైవాళ్ల ఒత్తిడి గురించీ, నాలుగు ఊళ్ల మంచి గురించీ చెప్పుకొచ్చాడు. శాంతయ్య ఈసారి తల వాల్చలేదు. నాకెందుకు చెప్పలేదని ఒక్కటే అడిగాడు.

"నీకు చెప్తె నువ్వు ఆ నీళ్లు తాగుదువా?" అన్నాడు పటేల్. "నువ్వు తాగకుంటె వాడొస్తుండెనా?"

ఇన్నేళ్లూ పటేల్ తనను నమ్మి పంపుతున్నాడనుకున్నాడు శాంతయ్య. జనం నమ్మింది తననేననీ, ఆ నమ్మకాన్ని పటేల్ వాడుకున్నాడనీ ఇప్పుడు తెలిసింది. గేటు దాటి రోడ్డెక్కాడు. మాట తీసుకుపోయినవాడే జవాబు తెచ్చివ్వాలి, మంచిదైనా చెడ్డదైనా. ఇల్లు అటు పక్కనే ఉన్నా కరుణమ్మకు చెప్పి పోవాలని కూడా తోచలేదు.

కనకమామిడి చేరేసరికి పొద్దు వాలుతోంది. నిర్మలమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. ఒక్కడే రావడం చూసింది. బొబ్బలెక్కి నెత్తురు ఓడుతున్న అతని పాదాలు చూసింది.

"పట్టుకపోయిన్రమ్మా," అన్నాడు.

ఆమె ఏడవలేదు, శాపం పెట్టలేదు. అతని ముఖంలోకి చూస్తూ మెల్లగా అంది:

"నీళ్లు తాగినవు గద శాంతయ్యా."

లోపలికి పోయి తలుపు వేసుకుంది. శాంతయ్య అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కింటివాళ్లు చూసి జాలిపడి చెంబుతో నీళ్లు తెచ్చారు. వద్దని తల ఊపాడు. తెల్లవారి నిర్మలమ్మ తలుపు తీసేటప్పటికి అతను అలాగే కూర్చుని ఉన్నాడు. చెయ్యి తాకితే చల్లగా తగిలింది.

బండిలో వేసి చేవెళ్ల తెచ్చారు. శవం మీద కప్పమని పటేల్ పంపిన కొత్తబట్టను కరుణమ్మ తిప్పి పంపింది. నెల తిరక్కుండానే రాజీ మాటలకు మరో మనిషి దొరికాడు. హన్మంతు ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పలేకపోయారు.

పటేల్ ఇంటి గేటు పక్కన, తారు అంటిన రెండు చెప్పులు మాత్రం వాకిలి వైపు ముఖం పెట్టి చాలా రోజులు అలాగే ఉన్నాయి.