రంగు వేగమైనదంట

తిరుత్తణి దగ్గర నేత నేసే తిరుమలయ్య ఇంటికి ఆ మధ్యాహ్నం ఫ్రాన్సు నుంచి క్లోదిన్ అనే బట్టల వ్యాపారి వచ్చింది. వెంట రావలసిన దుబాసీకి జ్వరం. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. తిరుమలయ్య చిన్న కొడుకు సతీష్ ధైర్యంగా ఫోన్ తీశాడు. పువ్వులు నేసిన ముదురు ఎరుపు నూలు దుపట్టా ఆమె ముందు పరిచి, ఇంగ్లీషులో రెండు ముక్కలు కొట్టాడు: క్లాత్ లైట్, కలర్ ఫాస్ట్. ఫోన్ వాటిని ఫ్రెంచిలో పలికింది.

క్లోదిన్ అయోమయంగా చూసి, దుపట్టా మడిచి పక్కన పెట్టేసింది.

"ఏం చెప్పినావురా ఆయమ్మకి?" తిరుమలయ్య కంగారుపడ్డాడు.

"ఉండేదే చెప్పినాను నాయనా!"

అప్పుడే పెద్దకోడలు సుమతి బడి నుంచి వచ్చింది. సైన్సు టీచరు. తిరువళ్ళూరులో చదివేటప్పుడు మార్కులు బాగా పడతాయని ఫ్రెంచి తీసుకుంది. మార్కులు పడ్డాక కూడా దాన్ని వదల్లేదు. ఫోన్‌లో ఉన్నది చదివి నవ్వు ఆపుకుంది.

"బట్ట లేత రంగంట. రంగు వేగమైనదంట. ఉతికితే తొందరగా పోతాదేమో అనుకోనుంటాది పాపం."

సతీష్ నాలిక కరుచుకున్నాడు.

సుమతి క్లోదిన్ పక్కన కూర్చుంది. "లైట్ అంటే బరువు సంగతేనా మామా?" అని అడిగింది.

"అవునమ్మా. దూది మాదిరి ఉంటాది."

"లెజే," అని తేలికకు ఫ్రెంచి మాట చెప్పింది సుమతి క్లోదిన్‌తో. క్లోదిన్ దుపట్టాను అరచేతిలో ఎత్తి చూసి తలూపింది.

ఫాస్ట్ దగ్గర మాత్రం సుమతి ఆగిపోయింది. రంగు పోదు అనే అర్థానికి ఫ్రెంచి మాట ఆమెకు తెలియదు. తెలిసినట్టు నటించనూ లేదు. బకెట్టులో నీళ్లు తెచ్చి, దుపట్టా అంచునూ తన తెల్ల చేతిరుమాలునూ కలిపి తడిపి గట్టిగా పిండింది. రుమాలు తెల్లగానే ఉంది. "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని ఫ్రెంచిలోనే అడిగింది.

"గ్రాఁ తేఁ!" క్లోదిన్ ముఖం విప్పారింది.

సుమతి పలికింది. క్లోదిన్ సరిదిద్దింది. మళ్లీ పలికింది. ఆ తర్వాత ఇద్దరూ పాత స్నేహితుల్లా మాటల్లో పడిపోయారు. వెళ్లేముందు క్లోదిన్ తన దుకాణానికి ఆ దుపట్టాలే కావాలంది.

క్లోదిన్ కారు కదిలాక సతీష్ అడిగాడు: "తెలీదని అంత సులువుగా ఎట్ల అడిగినావు వదినా?"

"తెలీకుండానే చెప్పింటే, నీ ఫోన్‌కీ నాకూ తేడా ఏముంటాది?"

తిరుమలయ్య కోడలికి తన చేత్తోనే కాఫీ తెచ్చి ఇచ్చాడు.

మరుసటి వారం, బట్టలకు కట్టే చీటీల కోసం సతీష్ ఇంగ్లీషులో "రైట్ సైడ్" అని రాసుకొచ్చి, ఫ్రెంచిలో ఏమనాలో చెప్పమన్నాడు.

"కుడిపక్కా, బట్ట ముఖం పక్కా?" అడిగింది సుమతి.

సతీష్ దుపట్టాను తిరగేసి, పువ్వులు తేటగా కనిపించే వైపు పైకి పెట్టి చూపించాడు.