చలపతిగారి ముక్కు

స్వరాజ్యం పెద్దాయనను గోడవైపు ఒత్తిగిలజేసి, నడుము కింద తడిసిన దుప్పటిని సగం దాకా చుట్టి, ఆ చుట్టకు ఆనించి ఉతికిన దుప్పటి పరిచింది. మళ్ళీ ఇటు దొర్లించి తడిది లాగేసింది. రెండేళ్ళ అలవాటు, కళ్ళు మూసుకుని చేసేస్తుంది. చూడబోతే మనిషి పిడికెడు. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, ఉల్లిపాయలు తరిగి తరిగి నల్లబడిన బొటనవేలి గోరు. యాభై ఆరేళ్ళు. పాల్మాకులలో చీకటితోనే షేర్ ఆటో ఎక్కి, విమానాశ్రయం పక్కనున్న ఈ విల్లాల గేటు ముందు దిగి, ఆరున్నరకల్లా ఈ మంచం దగ్గర నిలబడుతుంది.

"ఏం వండుతున్నావమ్మాయ్ ఈవేళ?" అన్నాడు చలపతిగారు. పక్షవాతానికి మూతి పక్కకు లాగేసింది. మాట ముద్దముద్దగా వస్తుంది.

"సముద్రపు చిప్పలల్ల ఉండే మాంసమట బాపు. స్కాలప్స్ అంటరంట. సారు విమానంల తెప్పించిండు."

పెద్దాయన కుడికన్ను మెరిసింది. "పొయ్యి మీద పెట్టేముందు... నా దగ్గరికి పట్రా. ముక్కు ఆనించి చెప్తా."

"తెస్త తియ్యి. నువ్వు చెప్పక ఎవరు చెప్తరు నాకు?"

అది ఊరికే అన్న మాట కాదు. చలపతిగారు ముప్పై ఏళ్ళు కాకినాడలో రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో పనిచేశాడు. ఏం పని అంటే, వాసన చూసే పని. గంపలోంచి ఒక రొయ్య తీసి, తల తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఊఁ" అంటే లారీ కదిలేది, తల అడ్డంగా ఊపితే సరుకంతా చెత్తలోకి పోయేది. అంతటి ముక్కు ఇప్పుడు వంటింటి పక్క గదిలో ఒక మంచానికి అంటుకుపోయింది. ఆ గది ముందునుంచి నడిచేటప్పుడు మాత్రం ఆ ఇంట్లో అందరూ తమ ముక్కులు మూసుకుంటారు. ఏం రాతో!

స్వరాజ్యానికి వాసన తెలియదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మొగుడు రాజయ్యను దవాఖానలో వేశారు, అదే వారంలో ఈమెకూ జ్వరం తగిలింది. రాజయ్య తిరిగి రాలేదు, పోయిన వాసనా తిరిగి రాలేదు. అంతకుముందు శంషాబాద్ చుట్టుపక్కల ఏ పెళ్ళైనా ఐదువందల విస్తళ్ళకు వంట స్వరాజ్యమే. మూత తియ్యకుండానే అన్నం ఎంత ఉడికిందో చెప్పేది. అలాంటిది, మల్లెపూలు ముఖానికి అద్దుకున్నా ఒకటే, మురుగుకాలవ పక్కన నిలబడ్డా ఒకటే అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు?

అయినా నెట్టుకొచ్చింది. ఉప్పు, పులుపు, కారం నాలుక చెబుతుంది. పోపు వేగిందో లేదో చెవి చెబుతుంది. పాలు ఒక గరిటెడు కాచి చూస్తే తెలుస్తుంది. చేపకైతే మొప్ప ఎర్రగా ఉందా, కన్ను ఉబ్బి ఉందా, వేలితో నొక్కితే గుంట పడుతోందా, ఇవి చాలు. ఉప్పూ పసుపూ పట్టించి మూడు నీళ్ళు కడిగేసరికి ఆ చేప గుట్టంతా చేతికి తెలిసిపోతుంది.

ఈ ఇంట్లో చేరిన వారానికే పెద్దాయన పట్టేశాడు. అప్పటికింకా లేచి తిరుగుతున్నాడు. కంచం ముందు కూర్చుని, సాంబారులో ఇంగువ రెండింతలు పడిందని కనిపెట్టి, ఆమె ముఖం చూసి, "నీకు వాసన తెలీదు కదూ?" అన్నాడు. స్వరాజ్యం బావురుమంది. ఆయన మాత్రం కలిపిన అన్నమంతా తినేశాడు. మంచాన పడ్డాక ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. వంటింటి వాసన గోడ దాటి వస్తుంది కదా. మంచం ఇనప కమ్మీ మీద స్టీలు గ్లాసుతో ఒక్కసారి కొడితే బాగుందని. రెండుసార్లు కొడితే మాడుతోందని. ఆగకుండా కొడితే పొయ్యి కట్టేసి రమ్మని. రెండేళ్ళలో ఆగకుండా కొట్టింది ఒక్కసారే, గ్యాసు గొట్టం కారినప్పుడు.

గది పని ఆమె నెత్తిన పడిన తీరూ చెప్పాలి. ఏజెన్సీ నర్సు పదిరోజులు చేసి, కంపు భరించలేనని పారిపోయింది. ఆ రోజు కోడలు సంయుక్త వచ్చి స్వరాజ్యం చేతులు పట్టుకుంది. "నీకున్న ఓపిక ఎవరికీ లేదు స్వరాజ్యం. ఆయన్ని కన్నకూతురిలా చూసుకుంటావు నువ్వు," అంది. పిల్లల్లేని స్వరాజ్యానికి ఆ మాట కడుపులో దిగిపోయింది. కూతురు! వంట జీతానికే గది పని కూడా చేస్తోందని పక్క విల్లా పనిమనిషి దెప్పితే, "నీకేమెరుక, నేను గా ఇంట్ల బిడ్డ లెక్క," అని నోరు మూయించింది.

ఆ బిడ్డ లెక్కకు ఇవాళ పరీక్ష వచ్చింది. సంయుక్త భర్త ఉదయభాస్కర్ విమానాశ్రయంలో సరుకుల రవాణా కంపెనీలో మేనేజరు. ఢిల్లీ ఆఫీసు నుంచి గోవర్ధన్ అనే పెద్ద అధికారి మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు. నిన్ననే సంయుక్త మొహమాటం లేకుండా చెప్పేసింది: "రకరకాల వంటలొచ్చిన మనిషిని ఏజెన్సీలో చూశాం. రేపు నీ చేతిలో ఇది కుదిరితే ఇంక వాళ్ళని రమ్మనను. కుదరకపోతే వంటిల్లు నీది కాదు, ముందే చెప్తున్నా." వంటిల్లు పోతే స్వరాజ్యానికి తానంటూ మిగిలేదేమీ లేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఏడు గంటలకు డ్రైవర్ యాసిర్ కారు డిక్కీలోంచి థర్మాకోల్ పెట్టె తెచ్చి గట్టు మీద పెట్టాడు. "రాత్రంతా బండిలనే ఉందక్కా. సార్ మర్చిపోయిండు," అన్నాడు. స్వరాజ్యం మూత తీసింది. లోపల ఐసు సంచులు నీళ్ళ సంచులయ్యాయి.

"మేడం, ఐసు మొత్తం కరిగింది గదా?"

"సీలు తియ్యలేదుగా. ఏం కాదు, ఫ్రిజ్‌లో పెట్టు," అంది సంయుక్త ఫోన్ లోంచి తలెత్తకుండా.

పదకొండున్నరకు లోపలి ప్యాకెట్టు సీలు కోసింది. తెల్లగా, గుండ్రంగా, ఒలిచిన తాటిముంజల్లా పన్నెండు ముక్కలు. మనిషికి నాలుగని సంయుక్త లెక్కపెట్టి వెళ్ళింది కాబట్టి ఒకటి చిదిమి చూసే వీలు కూడా లేదు. చేతిలోకి తీసుకుంది. మొప్ప లేదు, కన్ను లేదు, పొలుసు లేదు, తోక లేదు. వేలితో నొక్కితే మెత్తగా దిగింది, జిగట తగిలింది. ఇవి పుట్టుకతోనే ఇంతేమో, విదేశీ సరుకు, ఎవరు చూడొచ్చారు! కడుగుదామంటే, సంయుక్త చూపించిన వంట వీడియోలో కడగొద్దని పదేపదే చెప్పారు.

ఉండబట్టలేక ఒక ముక్క గిన్నెలో వేసుకుని పెద్దాయన గదివైపు నడిచింది. తలుపు మూసి ఉంది. బయట రెండు అగరొత్తుల కట్టలు గుప్పున పొగలు కక్కుతున్నాయి.

"ఎక్కడికి?" అంది సంయుక్త మెట్ల మీదనుంచి. "సార్ వెళ్ళేదాకా ఆ తలుపు తియ్యొద్దని చెప్పానా లేదా? ఆ కంపు హాల్లోకి వస్తే నా పరువేం కాను?"

"ఒక్క నిమిషం మేడం. బాపుకు సూపిచ్చి..."

"చూపించడమేంటి? వెళ్ళు, టైమైంది."

స్వరాజ్యం వెనక్కి తిరిగింది. తిరగకుండా ఉంటే ఎంత బాగుండు!

నాన్‌స్టిక్ మీద సరిగా ఎర్రబడవని ఇంటినుంచి తన అట్లపెనం పాత చీరముక్కలో చుట్టి తెచ్చుకుంది. ఇరవై ఏళ్ళ పెనం, అద్దంలా నిగనిగలాడుతుంది. ముక్కలను కాగితపు తువ్వాలు మీద పరిచి తడి అద్దింది. పెనం పొగ చిమ్మాక నూనె చుక్క వేసి, గడియారం ముల్లు తిరిగినట్టు వరసగా పేర్చింది. చుయ్యిమంది. రెండు నిమిషాలు కదపకూడదు. ఆ శబ్దం వినగానే ఆమె భయం పోయింది. మంట ఎంతుండాలో ఆ చెవులకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అప్పుడు గోడ అవతల గ్లాసు మోగింది. టంగ్. టంగ్. టంగ్ టంగ్ టంగ్.

ఆగడం లేదు. స్వరాజ్యం గ్యాసు గొట్టం చూసింది, బాగానే ఉంది. పెనం మీద ఏదీ మాడడం లేదు, అంచులు బంగారు రంగు తిరుగుతున్నాయి. పొయ్యి కట్టేద్దామని మీట మీద చెయ్యి వేసింది కూడా.

సంయుక్త పట్టుచీర సవరించుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి ముక్కు చిట్లించింది. "ఛీ, ఏంటీ కంపు? మళ్ళీ పక్కలో చేసుకున్నట్టున్నారు. అందుకే బాదుతున్నారు."

"పోయి చూసొస్త మేడం."

"ఆ చేతులతో వచ్చి మళ్ళీ వండుతావా? సార్ గేటు దగ్గరికొచ్చేశారు. బాదనీ, కాసేపటికి ఆయనే ఊరుకుంటారు."

నిజమే అనుకుంది స్వరాజ్యం. ఆ ఇంట్లో కంపంటే పెద్దాయనదే, ఇంకెవరిదవుతుంది? ముక్కలు తిప్పింది. ఒకటిన్నర నిమిషం తర్వాత పళ్ళెంలోకి తీసి, అదే పెనంలో వెన్న, దంచిన వెల్లుల్లి, నిమ్మరసం, కాసిని నీళ్ళు పోసి, అడుగున అంటిన ఎర్రటి మడ్డిని అట్లకాడతో గీకి కలిపింది. నాలుక మీద చుక్క వేసుకుంది. ఉప్పు సరిపోయింది, పులుపు సరిపోయింది. సాసు ముక్కల మీద పోస్తుండగా గ్లాసు చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య, ఊరుకున్నాడు అనుకుంది.

మూడు పింగాణీ పళ్ళాలు బల్లమీదికి వెళ్ళాయి. చూడ్డానికి ఫోటో తీసినట్టున్నాయి. గోవర్ధన్ నిజంగానే ఫోటో తీసుకున్నాడు. ముక్క నోటిదాకా తీసుకెళ్ళి ఆగి, మెల్లగా పళ్ళెంలో పెట్టేశాడు. "ఉదయ్, ఇది పాడైనట్టుంది," అన్నాడు, మర్యాదగానే. ఉదయభాస్కర్ తన పళ్ళెం వాసన చూశాడు. ముఖం మాడిపోయింది. డిక్కీ గుర్తొచ్చే ఉంటుంది. వచ్చినా నోరు అటు తిరగలేదు. "పల్లెటూరి వంటమనిషి సార్. ఎంత చెప్పినా ఇంతే. బిర్యానీ తెప్పిస్తా, పావుగంటలో వస్తుంది," అని నవ్వాడు.

సంయుక్త పళ్ళాలు వంటింట్లోకి తెచ్చి, ఒకటి స్వరాజ్యం ముక్కుకింద పెట్టింది. "ఎలా ఉంది వాసన?"

స్వరాజ్యం గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. కాలవ పక్కనా అంతే, మల్లెల్లోనూ అంతే. ఏదో ఒకటి అనాలి. "జర... ఎల్లిపాయ ఎక్కువైనట్టుంది మేడం."

సంయుక్తకు కోపం కూడా రాలేదు. "కుళ్ళిపోయాయి స్వరాజ్యం. పది అడుగుల దూరానికి కొడుతోంది," అంది. "నీకు వాసన తెలీదని నాకు తెలుసు. రెండేళ్ళ క్రితమే మామయ్యగారు చెప్పారు. పనిలోంచి తియ్యొద్దని బతిమాలారు. నేనూ మంచిదే కదా అనుకున్నా. ముక్కున్నవాళ్ళెవరూ ఆ గది చెయ్యట్లేదు మరి."

స్వరాజ్యం పళ్ళెం పక్కకు నెట్టింది. "కూతురి లెక్క అంటివి గదా మేడం?"

"అదేదో మాటవరసకి అంటాం. రేపట్నుంచి వంటకి వేరే మనిషి వస్తుంది. నువ్వు ఆ గది ఒక్కటీ చూసుకో చాలు. దానికి నీలాంటి మనిషి మాకెక్కడ దొరుకుతుంది?"

కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. రెండేళ్ళూ ప్రేమ అనుకుని మలమూత్రాలు ఎత్తిపోసిన చేతులు ఆమెవి. వాళ్ళు లెక్కేసింది మాత్రం పనిచేయని ముక్కును.

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి గది తలుపు తీసింది. పెద్దాయన మంచం అంచుదాకా జరిగి ఉన్నాడు. కుడిచెయ్యి కిందికి వేలాడుతోంది. కళ్ళు సగం తెరిచి వంటింటి గోడవైపే ఉన్నాయి.

"బాపు," అంది. భుజం తట్టింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఎంతసేపు పెట్టినా వేలికి ఏమీ తగల్లేదు. పైనుంచి ఒక విమానం దిగుతూ కిటికీ అద్దాలను వణికించి వెళ్ళింది.

గ్లాసు ఎందుకు మోగించావు బాపూ? సరుకు కుళ్ళిందని చెప్పడానికా, పానం పోతోందని చెప్పడానికా? రెండింటికీ గోడ అవతల ఉన్నది తనొక్కతే. తను రాలేదు. ముక్కలు తిప్పుకుంటూ నిలబడింది.

వంటింట్లో సంయుక్త బిర్యానీ పొట్లం విప్పుతోంది. స్వరాజ్యం వెళ్ళి, పెద్దాయన పోయాడని ఆమె చెవిలో చెప్పింది. సంయుక్త చేయి గరిటె మీద ఆగింది. హాలు వైపు చూసింది. అక్కడ ఉదయభాస్కర్ ఏదో చెబుతున్నాడు, పెద్ద అధికారి నవ్వుతున్నాడు.

"సార్ తినేసి వెళ్ళనీ," అంది గొంతు తగ్గించి. "పావుగంట, అరగంట. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు. ఈలోగా నువ్వు శుభ్రం చేసెయ్యి."

చేసింది. ఒత్తిగిలజేసి, సగం చుట్టి, ఆనించి పరిచి, ఇటు దొర్లించి లాగేసింది. వేణ్ణీళ్ళతో ఒళ్ళు తుడిచింది. తల దువ్వింది. ఆఖరున వంగి, ఆ గుండె మీద ముఖం ఆనించి, ఇంటిల్లిపాదీ అసహ్యించుకున్న ఆ వాసన కోసం బలంకొద్దీ పీల్చింది. ఒక్కసారి, ఈ ఒక్కసారికైనా తగలనీ అనుకుంది. తగల్లేదు. అప్పుడు ఏడ్చింది, చీరకొంగు నోట్లో కుక్కుకుని, హాల్లోకి వినపడకుండా.

అతిథి కారు గేటు దాటాక ఇంట్లో ఏడుపు లేచింది. ఫోన్లు మొదలయ్యాయి. పెద్దాయనను హాల్లోకి మార్చారు. స్వరాజ్యం తన పెనం తోముకుని, తుడిచి, చీరముక్కలో చుట్టుకుంది. వెనక గుమ్మంలో సంయుక్త, ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతోనే, ఆపింది.

"ఈ పదకొండు రోజులూ మానకు. చుట్టాలొస్తారు, గిన్నెలు చాలా పడతాయి."

"పోతున్న మేడం," అంది స్వరాజ్యం. వస్తానని అనలేదు. పెనం చంకలో పెట్టుకుని గేటు దాటి, ఆటోలు ఆగే చోటికి నడిచింది. మళ్ళీ ఆ విల్లాలవైపు ఆమెను చూసినవాళ్ళు లేరు.

గది ఖాళీ అయింది. పరుపు చుట్టి బయట పడేశారు, కిటికీలు బార్లా తీశారు. ఇనప మంచం కింద గోడమూలకు దొర్లి, అంచు చుట్టూ సొట్టలు పడ్డ స్టీలు గ్లాసు ఒకటి వంటింటి గోడకు మూతి ఆనించి పడి ఉంది.