మూడో గేరు, అన్నయ్య నీడ

పొద్దున్న ఆరింటికల్లా డ్రైవింగు పంతులమ్మ కారు వీధిలోకి వచ్చేసేది. ఇరవై రెండేళ్ల కారు, నెత్తిన స్కూలు బోర్డు. "క్లచ్ తొక్కండి, గేరు వెయ్యండి, మెల్లగా వదలండి" అని ఆవిడ రోజుకు ఎన్నిసార్లు అనేదో లెక్కలేదు. నిద్రలో కూడా అంటుందని భర్త చెప్పేవాడు. భర్తలు చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకు కారుకు రోగం పట్టుకుంది. రెండో గేరు నుంచి మూడుకు మారుస్తుంటే రాళ్లు నమిలినట్టు కర్రుమనేది. పడ్డ గేరు కూడా నిలిచేది కాదు. యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యగానే గేరు రాడ్డు దానంతటదే జారి న్యూట్రల్లోకి వచ్చేసేది. నేర్చుకునేవాళ్లు తప్పు తమదే అనుకుని బిక్కచచ్చిపోయేవారు. రిటైరైన పెద్దమనిషి ఒకాయన స్టీరింగుకు క్షమాపణ చెప్పుకుని దిగిపోయాడు, మళ్లీ రాలేదు.

తనిఖీకి రవాణా ఆఫీసుకు వెళితే ఇన్‌స్పెక్టరు చేతిలోనూ గేరు జారింది. "ఇరవయ్యో తారీకు మూడింటికి మళ్లీ తీసుకురండి. ఆ రోజు కూడా జారితే బోర్డు ఇక్కడే విప్పేయాలమ్మా" అన్నాడాయన. బోర్డు విప్పడమంటే స్కూలు మూసేయడమే. ఆవిడకున్నది ఆ ఒక్క కారు, వచ్చింది ఆ ఒక్క పని.

ఇంకో షెడ్డుకు పోవచ్చు కదా అంటారు. మెకానిక్కు సొంత అన్నయ్యాయె. ఆ షెడ్డు దాటి కారు ఇంకో గుమ్మం ఎక్కిందా, చుట్టాల్లో మొహం ఎత్తుకు తిరగనిస్తారా!

అన్నయ్య భారీ మనిషి. మోకాళ్లు అరిగిపోయి, బళ్ల కింద దూరడం మానేసి పదేళ్లయింది. అందుకని నీడను పంపేవాడు. ఎండలో నిలబడి కాలితో నేలమీద రెండుసార్లు తట్టేవాడు. నీడ చాపలా జారి కారు కిందికి వెళ్లేది. అన్నీ తడిమి చూసి, బయటికొచ్చి చేతులతో సైగ చేసేది. మబ్బు పట్టిన రోజున జనం ఆకాశం చూసి "ఇవాళ షెడ్డు లేదులే" అనుకుని బళ్లు వెనక్కి తిప్పుకునేవారు.

చిక్కల్లా ఆయన నీడను అడిగేవాడే గానీ నమ్మేవాడు కాదు. సొంత నీడను కూడా నమ్మడని మనం మాటవరసకు అంటాం చూడండి, ఈయన విషయంలో అది అక్షరాలా నిజం. వెనక ఒకసారి మిట్టమధ్యాహ్నం పంపాడు. ఆ వేళకు ఎవరి నీడైనా పిల్లికూనంత ఉంటుంది. పాపం దానికి చెయ్యి అందలేదు, తోచిందేదో చెప్పింది. ఈయన ఒక వ్యాను గేర్‌బాక్సు అనవసరంగా దింపాడు. తప్పు వేళదంటే ఆ వేళకు పంపినవాడి మెడకు చుట్టుకుంటుంది కనక, తప్పు నీడదే అన్నాడు.

పంతులమ్మ మొదటిసారి కారు తెచ్చినప్పుడు నీడ బయటికొచ్చి, రెండు చేతులూ జోడించి ఉయ్యాల ఊపినట్టు ఊపింది.

"ఏమంటోంది అన్నయ్యా?"

"ఏముంది, గేరు మార్చేటప్పుడు నువ్వు ఊగిసలాడుతున్నావట."

"నేనా? పద్దెనిమిదేళ్లుగా ఊరందరికీ గేర్లు నేర్పుతున్నదాన్ని!"

"నేర్పడం వేరు, నడపడం వేరు. క్లచ్ మీద కాలు ఆనించి కూర్చుంటావే నువ్వు. చిన్నప్పుడు సైకిలు బ్రేకూ అంతే, వదిలేదానివి కాదు."

క్లచ్ కేబులు బిగించి పంపాడు. తగ్గలేదు. రెండోసారి గేర్ ఆయిలు మార్చాడు. నీడ మళ్లీ ఉయ్యాల ఊపింది, ఆయన అటు చూడనైనా లేదు. నాలుగు రోజులు నయమైనట్టే ఉంది. అది కొత్త నూనె మర్యాద. అయిదో రోజుకు మళ్లీ కర్రు.

ఇరవయ్యో తారీకు రెండింటికి ఆవిడ చెమటలు కక్కుతూ షెడ్డుకొచ్చింది. అన్నయ్య నేల తట్టాడు. నీడ కిందికి వెళ్లింది. ఎంతకీ బయటికి రాలేదు.

"ఇక గేర్‌బాక్సు దింపాల్సిందేనే. వారం పడుతుంది."

"వారమా! గంటలో ఇన్‌స్పెక్టరు ముందుండాలి అన్నయ్యా. రెండుసార్లూ నీ నీడ ఒకటే చెప్పింది. ఊగేది నేను కాదేమో, కింద ఇంకేదన్నా ఊగుతోందేమో, ఒక్కసారి వంగి చూడొచ్చుగా!"

"నువ్వూ, అదీ కలిసి నాకు పని నేర్పుతారా?"

"నేర్పినా వచ్చే బుర్రయితేగా!" అని విసురుగా తలుపేసుకుని ఆవిడ కారు తీసేసింది.

"ఆగవే! అదింకా కిందే ఉంది!" అని అన్నయ్య అరిచిన అరుపు ఇంజను చప్పుడులో కలిసిపోయింది.

సందు మలుపులో ఆవిడ మూడో గేరు వేసింది. చప్పుడు లేదు. కాలు తీసి చూసింది. జారలేదు. ఏడుపొచ్చింది గానీ ట్రాఫిక్కులో ఏడవడానికి ఒక చెయ్యి తక్కువైంది.

ఇన్‌స్పెక్టరు అయిదుసార్లు మూడో గేరు వేశాడు, అయిదుసార్లు కాలు తీశాడు. రాడ్డు కదల్లేదు. కారాపి చెవి రిక్కించాడు.

"కింద ఎవరో ఆయాసపడుతున్నారమ్మా."

ఆవిడ వంగి చూసింది. "మా అన్నయ్య నీడండి. పొరపాటున వచ్చేసింది."

ఆయన రూల్సు పుస్తకం తిరగేశాడు. "నీడల గురించి ఇందులో ఏమీ లేదు" అని సంతకం పెట్టాడు.

ఆవిడ తిరిగొచ్చేసరికి అన్నయ్య ఎండలో నీడ లేకుండా, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన సామానులా నిలబడి ఉన్నాడు. మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ, పదేళ్ల తర్వాత కారు కింద పడుకున్నాడు.

గేర్‌బాక్సును మోసే మౌంటింగు రబ్బరు తెగి రెండు ముక్కలైంది. కాలు నొక్కినప్పుడల్లా, తీసినప్పుడల్లా బాక్సు ఊగి, గేరు రాడ్డును కూడా లాక్కుపోయేది. ఇప్పుడు మాత్రం ఊగడం లేదు. నీడ చేతులూ కాళ్లూ నేలకు ఆనించి, వీపు మీద దాన్ని మోస్తోంది. వీపంతా నూనె.

"ఊగేది ఇదా!" అన్నాడు అన్నయ్య. ఆ మాట చెల్లెలికి చెప్పాడో నీడకు చెప్పాడో తెలియలేదు.

జాకీ పెట్టి, ముప్పావుగంటలో కొత్త రబ్బరు బిగించాడు. నీడ మెల్లగా పాక్కుంటూ బయటికొచ్చి నడుం నిటారు చేసుకుంది. అన్నయ్య కాలు ముందుకు చాపాడు. అది ఆ కాలిని కాసేపు చూసింది. తర్వాత ఆయన పక్కనుంచి నడిచిపోయి, చెల్లెలి పాదాల దగ్గర, ఆవిడ నీడ పక్కన సర్దుకుంది. ఎంత బతిమాలినా తిరిగి రాలేదు.

ఇప్పుడు పొద్దుటి పాఠాలయ్యాక పంతులమ్మ షెడ్డుకొస్తుంది. రెండు నీడల్లో పెద్దదాన్ని బండి కిందికి పంపుతుంది. అది బయటికొచ్చి చేతులాడిస్తే చూసి చెబుతుంది.

"ఏమంటోందే?" అని అడిగాడు మొన్న అన్నయ్య, ఒక పాత వ్యాను ముందు నిలబడి.

"వెనక ఎడమ చక్రం బేరింగట."

ఆయనకది బ్రేకు చప్పుడే అనిపించింది. నోరు తెరిచాడు. చెల్లెలి కేసి చూశాడు, కింద నేల కేసి చూశాడు. నోరు మూసుకుని, చక్రం విప్పడానికి వంగాడు.